ఆర్టీ షా క్లారినెట్‌ను ఎందుకు వదిలేశాడు

అమెరికా జాజ్ క్లారినెట్ వాద్యకారుడు, బ్యాండ్ నాయకుడు ఆర్టీ షా 94 ఏళ్లు బతికాడు. అందులో చివరి 50 ఏళ్లు క్లారినెట్ వాయించలేదు. 1954లో, 44 ఏళ్ల వయసులో, వేళ్లూ పెదవులూ ఊపిరీ అన్నీ మంచి పట్టులో ఉండగానే వాయించడం మానేశాడు. 2004 డిసెంబరు 30న కాలిఫోర్నియాలో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. అంతకుముందు కూడా ఎన్నో బ్యాండ్లు కట్టాడు, రద్దు చేశాడు, ఊరొదిలి వెళ్లిపోయాడు, తిరిగొచ్చాడు. అమెరికా పత్రికలు దీన్నంతా చపలచిత్తం కింద జమకట్టాయి. ఎనిమిది పెళ్లిళ్లు చేసుకున్నాడు, భార్యల్లో లానా టర్నర్, ఆవా గార్డ్‌నర్ లాంటి హాలీవుడ్ తారలున్నారు, ఇలాంటి మనిషి సంగీతంలో మాత్రం ఎలా కుదురుగా ఉంటాడని తేల్చేశాయి. ఆయన మీద రాసినవాటిలో చాలాభాగం ఇప్పటికీ ఆ పెళ్లిళ్ల చుట్టూనే తిరుగుతుంది.

రికార్డులు వరసగా వింటే మాత్రం వేరే సంగతి బయటపడుతుంది. షా జీవితంలో నిలకడ లేకపోవచ్చు గానీ, ఆయన సంగీతంలో మొదటినుంచీ ఒకటే పట్టుదల ఉంది. మూడు నిమిషాల పాటనైనా ఒకే నిర్మాణంగా, ఎక్కడా అతుకు కనపడకుండా కట్టాలి. ఒకసారి కట్టాక దాన్నే రోజూ తిప్పి తిప్పి అమ్ముకోకూడదు. ఆయన పనిచేసిన రంగం నడిచింది సరిగ్గా దీనికి ఎదురుగా. ఆయన వదిలేసిన ప్రతిసారీ అసలు గొడవ ఇదే.

ఆ రంగం ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. స్వింగ్ కాలం అంటే సుమారుగా 1935 నుంచి 1946 దాకా. జాజ్ అమెరికాలో ఇంటింటి సంగీతంగా ఉన్నది ఆ పదేళ్లే. అప్పటి బిగ్ బ్యాండ్‌లో నాయకుడు కాక పద్నాలుగు మంది దాకా ఉండేవాళ్లు: నాలుగు శాక్సొఫోన్లు, మూడు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, వీటి వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. అందరూ ముందే రాసిపెట్టిన అరేంజ్‌మెంట్ ప్రకారం వాయిస్తారు. మధ్యమధ్యలో ఒక్కొక్కరికి సోలో ఉంటుంది, అది అప్పటికప్పుడు కల్పించి వాయించాల్సిందే. మన కచేరీలో కల్పనస్వరాలకు రాగం ఎలా హద్దో, ఇక్కడ పాట కింద నడిచే కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరగుచ్ఛాల) వరస అలాంటి హద్దు.

ఈ బ్యాండ్లకు డబ్బు డ్యాన్స్ హాళ్లు, హోటళ్లు, సినిమా థియేటర్లలో షోల మధ్య కార్యక్రమాలు, రేడియో, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల నుంచి వచ్చేది. రికార్డు ఒక వైపున పట్టేది మూడు నిమిషాల పాట. అది హిట్ అయితే ఆ తర్వాత బ్యాండ్ ఏ ఊరు వెళ్లినా జనం అదే పాట అడుగుతారు, అచ్చం రికార్డులో ఉన్నట్టే వినాలంటారు. రాత్రికో ఊరు, బస్సులో నిద్ర. చాలామంది నాయకులు దీన్ని ఉద్యోగంలాగా చేసుకుపోయారు. షా వల్ల కాలేదు.

అసలు ఆ కాలంలో అంతమంది క్లారినెట్ వాద్యకారులు బ్యాండ్ నాయకులు కావడం యాదృచ్ఛికం కాదు. బెన్నీ గుడ్‌మన్, వుడీ హెర్మన్, జిమ్మీ డార్సీ, షా అందరూ క్లారినెట్ వాళ్లే. పది ఊదుడు వాద్యాలు ఒకేసారి మోగుతున్నప్పుడు వాటిని చీల్చుకుని పైకి వినపడగల శక్తి ఈ నల్లటి గొట్టానికి ఉంది. తెలుగువాళ్లకు క్లారినెట్ పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో పరిచయమే. కర్ణాటక సంగీతంలోనైతే ఏ.కె.సి. నటరాజన్ దాన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టారు. చూడ్డానికి సన్నాయికి బంధువులా కనిపిస్తుంది గానీ లోపలి తీరు వేరు. సన్నాయి లోపలి రంధ్రం కిందికి పోనుపోను వెడల్పవుతుంది. క్లారినెట్‌ది ఆ చివర కొంచెం తప్ప దాదాపు ఒకే వెడల్పు. అందువల్ల సన్నాయిలో గానీ శాక్సొఫోన్‌లో గానీ అవే వేళ్లతో పై స్థాయికి దూకితే షడ్జం తారషడ్జం అవుతుంది. క్లారినెట్‌లో మాత్రం షడ్జం నుంచి ఏకంగా తారస్థాయి పంచమానికి దూకుతుంది. దీనివల్ల కింది భాగానికీ పై భాగానికీ వేళ్ల పట్టు మారిపోతుంది, నాదం రంగు కూడా మారిపోతుంది. కింద చిక్కగా, గంభీరంగా ఉంటుంది. మధ్యలో నాలుగైదు స్వరాలు పలచగా పలుకుతాయి. ఆ పైన మెరుపు వస్తుంది. ఇంకా పైకి వెళ్తే పెదవుల పట్టు కొంచెం సడలినా కీచుమంటుంది.

ఈ వాద్యం నేర్చుకునేవాళ్లను ఏళ్ల తరబడి వేధించేది ఆ మధ్య అతుకే. షా వాయిస్తుంటే ఆ అతుకు ఎక్కడుందో చెవికి దొరకదు. కింది చివర నుంచి పై చివర దాకా ఒకే గొంతు పాడుతున్నట్టుంటుంది. అతి పై స్వరాలు కూడా సన్నబడకుండా గుండ్రంగా, నిండుగా వస్తాయి. బెన్నీ గుడ్‌మన్‌తో పోల్చి వింటే తేడా వెంటనే తెలుస్తుంది. గుడ్‌మన్ స్వరాలు పొట్టిగా, పదునుగా, లయను ముందుకు తోస్తూ ఉంటాయి. 1935 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ పాలోమార్ బాల్‌రూమ్‌లో కుర్రకారును ఊపేసి స్వింగ్ కాలాన్ని మొదలుపెట్టింది ఆ పదునే. షా వాక్యాలు పొడుగు. తాళం గీతల్ని దాటుకుంటూ పోయి, ఎక్కడ ఆగాలో ముందే తెలిసినట్టు ఆగుతాయి. గుడ్‌మన్‌ను ‘స్వింగ్ రాజు’ అని, షాను ‘క్లారినెట్ రాజు’ అని ప్రచారం చేసి పత్రికలు పోటీ పెట్టాయి. గుడ్‌మన్ ఆలోచనంతా క్లారినెట్ మీదే, తన ఆలోచన సంగీతం మీద అని షా అనేవాడు. గుడ్‌మన్‌కు ఇది అన్యాయమే. బార్టోక్, కోప్లాండ్ లాంటి స్వరకర్తల చేత తన కోసం కొత్త కృతులు రాయించుకున్న మనిషి ఆయన. అయితే ఆ మాట షా గురించి మాత్రం నిజం చెబుతుంది.

ఇంత నాదం ఎక్కణ్నుంచి వచ్చింది? 1910 మే 23న న్యూయార్క్‌లో పుట్టిన ఈ పిల్లవాడి అసలు పేరు ఆర్థర్ జాకబ్ అర్షావ్‌స్కీ. వలసొచ్చిన యూదు కుటుంబం. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌కు మారాక అక్కడి బడిలో యూదుడన్న వెక్కిరింపులు పడ్డాడు. తండ్రి కుటుంబాన్ని వదిలేసి వెళ్లిపోయాడు, తల్లి బట్టలు కుట్టి పోషించింది. కుర్రాడు కొట్లో పనిచేసి శాక్సొఫోన్ కొనుక్కున్నాడు. పదిహేనేళ్లకల్లా డ్యాన్స్ బ్యాండ్లలో వాయిస్తున్నాడు, క్లారినెట్ ఆ తర్వాతే చేతికొచ్చింది. క్లీవ్‌లాండ్‌లో కొన్నేళ్లు పనిచేశాడు, షికాగోలో జాజ్ విద్వాంసులు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌నూ జిమ్మీ నూన్‌నూ విన్నాడు. అక్కడే స్ట్రావిన్‌స్కీ, డెబ్యుసీ అనే పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తల రికార్డులు దొరికాయి. ఒకే చెవిలో ఈ రెండు లోకాలూ పడ్డాయన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఆయన తర్వాత చేసిన ప్రయోగాలన్నిటికీ మూలం ఇక్కడుంది.

1930లో న్యూయార్క్ వచ్చిన కొత్తలో ఆయన నడుపుతున్న కారు కింద పడి ఒక పాదచారి చనిపోయాడు. ఆ కేసు వల్ల ఊరు కదలడానికి వీల్లేక, పని లేక, రాత్రిళ్లు నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌లో తిరిగాడు. అక్కడ విల్లీ ‘ది లయన్’ స్మిత్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడు తన పక్కన కూర్చుని వాయించనిచ్చాడు. షాకు ఉన్న చదువుల్లో ఇదే పెద్దది. కొన్నాళ్లకు రేడియో ఆర్కెస్ట్రాల్లో బాగా డబ్బొచ్చే పని దొరికింది. సబ్బుల ప్రకటనల మధ్య ఏ పాట ఇస్తే ఆ పాట వాయించే పని. అది విసుగొచ్చి పెన్సిల్వేనియా పల్లెలో చిన్న పొలం తీసుకుని, కట్టెలు కొట్టుకుంటూ పుస్తకం రాయాలని కూర్చున్నాడు. అప్పటికి ఆయన ఎవరికీ తెలియదు. పేరు రాకముందే మొదటిసారి వదిలేశాడన్నమాట. అందుకే, కీర్తి తలకెక్కి అలా చేశాడన్న మాట ఆయన విషయంలో నిలబడదు.

పుస్తకం కుదరలేదు, న్యూయార్క్ తిరిగొచ్చాడు. 1936 మే 24న ఇంపీరియల్ థియేటర్‌లో ఒక స్వింగ్ కచేరీ జరిగింది. పెద్ద బ్యాండ్ల మధ్య తెర వేసి రంగం సర్దుకునే కొన్ని నిమిషాలు చిన్న బృందాలు వాయించాలి. అందరూ మామూలు జాజ్ బృందాలతో వచ్చారు. షా ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌ను, అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లోను వెంటబెట్టుకుని, తాను సొంతంగా రాసిన ముక్క వాయించాడు. హాలు ఊగిపోయింది, మళ్లీ వాయించమని గోల. వాళ్ల దగ్గర ఇంకో పాట లేదు, అదే మళ్లీ వాయించారు. ఆ ఊపుతో తీగవాద్యాలతోనే బ్యాండ్ కట్టాడు. డ్యాన్స్ హాళ్లలో అది నిలబడలేదు, ట్రంపెట్లు, ట్రాంబోన్ల లాంటి బ్రాస్ వాద్యాల హోరు లేకుండా డ్యాన్స్ చేసేది లేదన్నారు కుర్రాళ్లు. 1937లో మామూలు పద్ధతి బ్యాండ్ పెట్టుకోక తప్పలేదు. పాత బృందం నుంచి వయొలిన్ వాయించే జెర్రీ గ్రేను అరేంజర్‌గా ఉంచుకున్నాడు. ఆ ఒక్క నిర్ణయం ఏడాది తిరక్కుండానే ఫలించింది.

1938 జులై 24న బ్లూబర్డ్ లేబుల్ కోసం షా బ్యాండ్ ‘బిగిన్ ద బిగీన్’ రికార్డు చేసింది. కోల్ పోర్టర్ 1935లో ఒక బ్రాడ్‌వే నాటకానికి రాసిన పాట అది, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కారణం దాని పొడవు. మామూలు పాటలు 32 తాళాల్లో, అంటే నాలుగేసి దెబ్బల ఆవర్తనాల్లో, అయిపోతాయి, ఇది 108 తాళాలు. మొదటి వాక్యం మళ్లీ వచ్చినట్టే వచ్చి ఇంకెక్కడికో పోతుంది, సులువుగా నోటికి రాదు. అలాంటి పాటకు హిట్ అయ్యే లక్షణం లేదని కంపెనీవాళ్లు రికార్డు రెండో వైపు వేశారు. మొదటి వైపు ‘ఇండియన్ లవ్ కాల్’ అనే తెలిసిన పాట. జనం రికార్డు తిరగేసి విన్నారు, లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి, షా దేశమంతటా తెలిసిపోయాడు.

జెర్రీ గ్రే చేసింది పైకి చిన్న మార్పే. బిగీన్ కరీబియన్ దీవుల నుంచి వచ్చిన లయ. దాన్ని తీసేసి, సాఫీగా నడిచే నాలుగు దెబ్బల స్వింగ్ పెట్టాడు. మిగతా పని షాది. మొదట క్లారినెట్ పాటను దాదాపు మార్చకుండా పలుకుతుంది. చిన్న ఒరుపు, ఒక స్వరం మీద కొంచెం ఆలస్యం, అంతే. నూట ఎనిమిది తాళాల దారి పొడుగునా శాక్సొఫోన్లు, బ్రాస్ మెల్లగా పెరుగుతూ వస్తాయి. ఎక్కడా హఠాత్తుగా గట్టిగా మోగదు. ఇంకో మూడు నిమిషాల స్వింగ్ రికార్డులో ఈపాటికి రెండుమూడు సోలోలూ డ్రమ్స్ హడావుడీ అయిపోయేవి. ఇక్కడ మొత్తం ఒకే వాలు మీద ఎక్కుతుంది. పోర్టర్ పాట ఎందుకంత పొడుగ్గా ఉందో ఈ రికార్డు విన్నాకే అర్థమవుతుంది. నిజానికి ఆ పొడుగే షాకు నచ్చి ఉండాలి.

అదే రోజు అదే స్టూడియోలో ఇంకో పాట కూడా రికార్డయింది. షా సొంతంగా రాసిన ‘ఎనీ ఓల్డ్ టైమ్’. పాడింది బిల్లీ హాలిడే. అప్పటికి ఆమె కొన్ని నెలలుగా ఆ బ్యాండ్‌తో తిరుగుతోంది. తెల్లవాళ్ల బ్యాండ్‌తో నల్లజాతి గాయని పూర్తి సభ్యురాలిగా దక్షిణ రాష్ట్రాల్లో తిరగడం అప్పటికి కనీవినీ ఎరగని విషయం. హోటళ్లలో గది ఇవ్వరు, హోటళ్ల భోజనశాలల్లోకి రానివ్వరు, సభలో అవమానాలు. దక్షిణాదిలోనే కాదు, న్యూయార్క్‌లోని లింకన్ హోటల్‌లో కూడా అతిథుల లిఫ్ట్ ఎక్కవద్దు, సరుకుల లిఫ్ట్‌లో వెళ్లమన్నారు. పైన వేదిక మీద బ్యాండ్ పేరుతో పాటు ఆమె గొంతు రేడియోలో వినిపించే చోటది. 1938 చివర్లో ఆమె వెళ్లిపోయింది. వేరే కంపెనీతో ఆమెకు ఒప్పందం ఉండడంతో ఆ ఒక్క రికార్డు కూడా మార్కెట్ నుంచి వెనక్కి పోయింది. షా ఆమెను తీసుకోవడంలో ధైర్యముంది. కానీ ఆ ధైర్యానికయిన ఖర్చు ఆమె ఒంటి మీద పడింది. హోటల్ యజమానులకూ రేడియో స్పాన్సర్లకూ ఎదురు నిలిచి ఆమెను కాపాడుకునే బలం ఆ బ్యాండ్‌కు లేకపోయింది. ఆరేళ్ల తర్వాత మహా ట్రంపెట్ విద్వాంసుడు రాయ్ ఎల్‌డ్రిడ్జ్ షా బ్యాండ్‌లో చేరినప్పుడూ ఇదే కథ. బయట బోర్డు మీద తన పేరున్న హాలు తలుపు దగ్గరే ఆయన్ని ఆపేశారు. స్వింగ్ మొత్తం నల్లజాతి సంగీతకారులు కట్టిన ఇల్లు. ఆ ఇంట్లోకి వాళ్లే దొడ్డిదారిన రావాల్సి వచ్చింది.

1939 షాకు కీర్తి శిఖరం, నరకం కూడా. 21 ఏళ్ల బడీ రిచ్ డ్రమ్స్ మీదికి రావడంతో బ్యాండ్‌కు కొత్త దుడుకు వచ్చింది. ఆ ఏడాది రేడియో ప్రసారాల రికార్డింగులు ఇప్పుడు దొరుకుతున్నాయి. స్టూడియో రికార్డుల కంటే అవి ఎంతో బతికున్నట్టుంటాయి. ఫిబ్రవరిలో షా పాలోమార్ వేదిక మీదే కుప్పకూలాడు. రక్తంలో తెల్లకణాలు పడిపోయే ప్రమాదకరమైన జబ్బు, చావుబతుకుల మధ్య నుంచి బయటపడ్డాడు. కోలుకోగానే మళ్లీ అదే తిరుగుడు. ఏ ఊళ్లోనైనా అదే పాట. డ్యాన్స్ చేసే అభిమానుల్ని బుద్ధిలేనివాళ్లని పత్రికలవాళ్ల ముందు అనేసి గోల తెచ్చుకున్నాడు. మాట తప్పే, టికెట్ కొని వచ్చిన పదిహేడేళ్ల కుర్రాళ్ల పాపమేముంది. నవంబరులో పెన్సిల్వేనియా హోటల్ కేఫె రూజ్‌లో వాయిస్తూ వాయిస్తూ వేదిక దిగి వెళ్లిపోయాడు. తర్వాత తేలింది మెక్సికోలో.

వ్యాపారపు లెక్కలో ఇది పిచ్చిపని. సంగీతపు లెక్కలో దాని ఫలితం వేరు. మెక్సికోలో ఆయన చెవిన పడిన పాటల్లో అల్బెర్టో డొమింగెస్ రాసిన ‘ఫ్రెనెసి’ ఒకటి. 1940 మార్చిలో తిరిగొచ్చి, రికార్డు కంపెనీతో ఉన్న ఒప్పందం తీర్చడానికి దాన్ని పెద్ద స్టూడియో ఆర్కెస్ట్రాతో వాయించాడు. నాలుగేళ్ల కింద డ్యాన్స్ హాళ్లు తిప్పికొట్టిన తీగవాద్యాలు మళ్లీ వచ్చాయి. అరేంజ్‌మెంట్ రాసింది విలియమ్ గ్రాంట్ స్టిల్. అమెరికా నల్లజాతి సింఫనీ స్వరకర్తల్లో ముందువరసలో ఉన్నవాడు. ఈసారి జనం కాదనలేదు. ఏడాది చివరికి బిల్‌బోర్డ్ పత్రిక హిట్ పాటల పట్టికలో అది మొదటి స్థానానికి వెళ్లి వారాల తరబడి అక్కడే ఉంది.

ఆ ఏడాదే షా జీవితంలో అతి గొప్ప రికార్డు వచ్చింది. 1940 అక్టోబరు 7న, తీగవాద్యాలున్న కొత్త బ్యాండ్‌తో ‘స్టార్‌డస్ట్’. హోగీ కార్మైకేల్ బాణీని అప్పటికే ఎంతోమంది వాయించారు, పాడారు. లెన్నీ హేటన్ అరేంజ్‌మెంట్‌లో మొదట బిల్లీ బటర్‌ఫీల్డ్ ట్రంపెట్ ఒంటరిగా బాణీ ఎత్తుకుంటుంది, వెన్నలాంటి నాదం. తర్వాత వచ్చే పదహారు తాళాలు షావి. పదహారు తాళాలంటే నిమిషం కూడా లేదు. ఆ కాస్తలో ఆయన బాణీని పక్కన పెట్టి, అవే కార్డ్‌ల మీద ఇంకో బాణీ కట్టాడు. అది కార్మైకేల్ రాసిన బాణీ పక్కన తలెత్తుకుని నిలబడుతుంది. కింది స్థాయి నుంచి పొడుగాటి వంపులతో మొదలై, ఒక్కో వాక్యం ముందుదానికి జవాబుగా పుడుతూ, పై స్థాయిలోకి మెల్లగా ఎక్కి, అక్కణ్నుంచి ఎక్కడా తొణక్కుండా దిగుతుంది. వేగం చూపించుకోవడానికి వాయించిన స్వరం ఒక్కటి లేదు. ఆయన తర్వాత జాక్ జెన్నీ ట్రాంబోన్ మీద చిన్న సోలో వాయిస్తాడు, అదీ అంతే అందంగా ఉంటుంది. తరతరాల క్లారినెట్ విద్యార్థులు ఆ పదహారు తాళాలు కంఠతా పట్టారు. జాజ్ సోలోను అప్పటికప్పుడు పుట్టే స్వరరచన అని పొగుడుతుంటారు, చాలా సందర్భాల్లో అది అతిశయోక్తే. ఇక్కడ అక్షరాలా నిజం.

అదే బ్యాండ్ లోపల ఒక చిన్న బృందం పెట్టాడు, గ్రామర్సీ ఫైవ్ అని. న్యూయార్క్ టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ పేరది. ఇందులో పియానోకు బదులు జానీ గార్నియరీ హార్ప్సికార్డ్ వాయించాడు. బాఖ్ కాలపు వాద్యం, తీగను మీటుతుంది గనక శబ్దం పుట్టీపుట్టగానే ఆరిపోతుంది. దాని పక్కన ఎలక్ట్రిక్ గిటార్. ఈ రెండింటి చిటపటల మీద క్లారినెట్, మూత పెట్టిన ట్రంపెట్ కబుర్లాడుకుంటున్నట్టుంటాయి. ‘సమిట్ రిడ్జ్ డ్రైవ్’ అనే బ్లూస్ (అమెరికా నల్లజాతి జానపద గానం నుంచి వచ్చిన రూపం) అప్పట్లో బాగా అమ్ముడుపోయింది, ఈరోజు విన్నా కొత్తగానే ఉంటుంది. ఫ్రెడ్ ఆస్టెయిర్‌తో చేసిన ‘సెకండ్ కోరస్’ సినిమా గురించి అంత చెప్పుకోనక్కర్లేదు. అందులోంచి పుట్టిన ‘కన్సర్టో ఫర్ క్లారినెట్’ మాత్రం రికార్డు రెండు వైపులా నిండి ఈనాటికీ వేదికల మీద వినిపిస్తుంది. నిర్మాణంగా చూస్తే అది బ్లూస్ ముక్కల్ని కుట్టిన బొంత. షా కూడా దాన్ని గొప్పగా చెప్పుకోలేదు. చివర్లో ఒంటరి క్లారినెట్ నేల నుంచి ఆకాశానికి జారిపోయే చోటు కోసం మాత్రం ఎన్నిసార్లైనా వినొచ్చు.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక మళ్లీ బ్యాండ్ రద్దు. ఈసారి కారణం అడగాల్సిన పని లేదు. నౌకాదళంలో చేరి, బ్యాండ్ కట్టి పసిఫిక్ దీవుల్లో సైనికులకు వాయించాడు. గ్వాడల్‌కనాల్ లాంటి చోట్ల బాంబుల మధ్య, తేమకు ఉబ్బిన వాద్యాలతో, అరకొర సామానుతో. విమానవాహక నౌక సారటోగా మీద వాయించిన రాత్రి గురించి ఆయన ముసలితనంలో కూడా చెప్పేవాడు. విమానాల్ని దించే పెద్ద లిఫ్ట్ మీద బ్యాండ్ నిలబడి, తమ సంకేత సంగీతం ‘నైట్‌మేర్’ వాయిస్తూ కిందికి దిగుతుంటే, వేలమంది నావికులు ఒక్కసారి కేకలు పెట్టారట. ‘నైట్‌మేర్’ 1937లో ఆయనే రాసుకున్నాడు. మిగతా బ్యాండ్లు వెన్నెల పాటల్లాంటి తీపి బాణీలతో కార్యక్రమం మొదలుపెడుతుంటే, ఈయన మాత్రం కింద ఒకే చీకటి స్వరగుచ్ఛం మళ్లీ మళ్లీ మోగుతుండగా పైన క్లారినెట్ రోదించే ముక్కను ఎంచుకున్నాడు. యూదు ప్రార్థనా మందిరాల గానం నీడ అందులో ఉందని చాలామంది విన్నారు. పేరు మార్చుకుని పుట్టుక దాచుకున్న మనిషి రోజూ రాత్రి మొదటి పాటగా దాన్నే వాయించాడంటే ఆలోచించాల్సిందే. 1944లో ఒళ్లూ మనసూ చితికిపోయి నౌకాదళం నుంచి బయటికొచ్చాడు.

యుద్ధం అయ్యాక పెద్ద బ్యాండ్ల కాలం ముగిసిపోతోంది. జనం గాయకుల వైపు మళ్లారు, పద్నాలుగు మంది జీతాలు మోయడం కష్టమైంది, కుర్ర సంగీతకారులు బీబాప్ అనే కొత్త దారి పట్టారు. స్వింగ్ నాయకుల్లో చాలామంది బీబాప్‌ను తిట్టారు. షా దాన్ని కూర్చుని నేర్చుకున్నాడు. 1949లో జూట్ సిమ్స్, ఆల్ కోన్ లాంటి కుర్రాళ్లతో, టాడ్ డామరాన్, జానీ మాండెల్ లాంటివాళ్ల రచనలతో చక్కటి బ్యాండ్ కట్టాడు. అదే ఏడాది వసంతంలో న్యూయార్క్‌లో బాప్ సిటీ అనే క్లబ్ తెరుస్తుంటే, పెద్ద సింఫనీ బృందంతో వెళ్లి ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రీయ కృతులు వాయించాడు. జాజ్ వినడానికొచ్చిన జనం తెల్లబోయారు. ఇది మాత్రం ఆయన తప్పు లెక్కే. చోటు చూసుకోవాల్సింది. కానీ 1949 జాజ్ బ్యాండ్‌కు జరిగింది అన్యాయం. ఎక్కడికెళ్లినా ‘బిగిన్ ద బిగీన్’ అడిగారు తప్ప ఎదురుగా మోగుతున్నది వినలేదు. కొద్ది నెలల్లో అదీ మూతపడింది.

1952లో ఆత్మకథ రాశాడు. సినిమా తారల కబుర్లు ఉంటాయని కొన్నవాళ్లు నిరాశపడి ఉంటారు. అందులో ఉన్నది పేరూ డబ్బూ మనిషిని ఏం చేస్తాయన్న విచారణ. మరుసటి ఏడాది కమ్యూనిస్టుల వేటలో భాగంగా కాంగ్రెస్ కమిటీ ముందు హాజరై జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ చేదు మధ్యలోనే గ్రామర్సీ ఫైవ్‌ను చివరిసారి కట్టాడు. పియానోకు హ్యాంక్ జోన్స్, గిటార్‌కు టాల్ ఫార్లో, బేస్‌కు చార్లీ పార్కర్‌తో వాయించిన టామీ పాటర్, వీళ్లతో పాటు వైబ్రఫోన్ అనే లోహపు పలకల వాద్యం. ఒక్క షా తప్ప అందరూ బీబాప్ లోకం వాళ్లు. 1954లో వాళ్లతో చేసిన రికార్డింగులు చాలాకాలం ఎవరికీ సరిగా అందుబాటులో లేవు. వాటిని విన్నాక మాత్రం షా గురించి అభిప్రాయం మారక తప్పదు. నాదం ఇంకా మెత్తబడింది, బిగ్గరగా ఊదాల్సిన అవసరం లేదు గదా. వాక్యాలు కొత్త కార్డ్‌ల మధ్య మలుపులు తిరుగుతాయి, కుర్రాళ్ల భాషను అనుకరించకుండా వాళ్లతో సమానంగా మాట్లాడతాయి. ఎల్పీ రికార్డుల రోజులు గనక మూడు నిమిషాల కట్టడి కూడా పోయింది, ఒక్కో పాట ఆరేడు నిమిషాలు సాగింది. పాత హిట్లను కూడా ముక్కలు విప్పి కొత్తగా అల్లాడు.

అంత బాగా వాయిస్తున్నప్పుడు ఆపడమేంటని అందరూ అడిగారు. ఆయన చెప్పిన జవాబుల సారం ఒక్కటే. ఆ స్థాయిలో వాయించాలంటే మనిషి ఇంకేమీ కాకుండా అదొక్కటే అయిపోవాలి, తక్కువ స్థాయిలో వాయించడం తనకు చేతకాదు. ఇది గొప్పలకు చెప్పిన మాట అనిపించొచ్చు. క్లారినెట్ తీరు తెలిసినవాళ్లకు అలా అనిపించదు. పియానో మీద కొన్ని వారాలు కూర్చోకపోయినా ఏదో నడుస్తుంది. క్లారినెట్‌కు పెదవి చుట్టూ కండరాల పట్టు రోజువారీ సాధనతోనే నిలుస్తుంది. నాలుగు రోజులు మానేస్తే ముందు పోయేది పై స్వరాల నిండుదనం, మధ్య అతుకు మీది అదుపు. అంటే షాను షాగా నిలబెట్టినవే. సగం వాయించడమనే దారి ఆయనకు నిజంగానే లేదు. దానికి తోడు, అంత శ్రమ పడి కొత్తది కడితే వినేవాళ్లు 1938 పాట అడుగుతున్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లు స్పెయిన్‌లో ఉన్నాడు. తిరిగొచ్చి తుపాకీ గురి పోటీల్లో దిగి, అందులోనూ దేశంలో చెప్పుకోదగ్గవాడయ్యాడు. కథలు రాశాడు, ఒక సంగీతకారుడి జీవితం మీద బ్రహ్మాండమైన నవల మొదలుపెట్టి దశాబ్దాల తరబడి రాస్తూనే ఉన్నాడు, అది పూర్తి కాలేదు. 1983లో ఆయన పేరుతో బ్యాండ్ మళ్లీ మొదలైనప్పుడు ముందు నిలబడి నడిపించాడు గానీ క్లారినెట్ డిక్ జాన్సన్ చేతికిచ్చాడు. ఆయన మీద బ్రిజిట్ బెర్మన్ తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. చనిపోయిన ఏడాదే గ్రామీ జీవనసాఫల్య గౌరవం దక్కింది.

2001లో ఐదు సీడీల సంకలనం వచ్చింది. పాటలు షానే ఎంచాడు. హిట్ రికార్డులతో పాటు 1938, 39 నాటి రేడియో ప్రసారాలకూ 1954 చిన్న బృందానికీ అందులో పెద్ద చోటిచ్చాడు. కొత్తగా వినేవాళ్లకు అదే వరస మంచిది: ముందు ‘బిగిన్ ద బిగీన్’, ఆ వెంటనే అదే బ్యాండ్ రేడియోలో రెచ్చిపోయి వాయించిన రాత్రులు, ‘స్టార్‌డస్ట్’ పదహారు తాళాలు ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు, చివర్లో 1954 నాటి గ్రామర్సీ ఫైవ్.